శుక్రవారం పెద్దాయన, గురువారం పందిరి

సెర్వా అన్నిటికన్నా ఎక్కువగా భయపడేది ఒక్క మాటకి: "రేపట్నుంచి పాపను ఇంట్లో వదిలి రా."

పాములకీ పిడుగులకీ ఇంటి ఓనరుకీ కూడా ఆమె భయపడుతుంది గాని, ఆ భయాలకి ఒక వేళంటూ ఉంది. ఈ భయం మాత్రం పొద్దున పాపను వీపున కట్టుకున్నప్పటి నుంచి సాయంత్రం ముడి విప్పేదాకా వెంటే ఉంటుంది. ఇంట్లో వదలడానికి ఇంట్లో ఎవరున్నారు గనక? మొగుడు లారీ మీద ఉత్తరాదికి వెళ్ళాడంటే మళ్ళీ ఎప్పుడొస్తాడో లారీకే తెలియాలి. అత్తగారు ఎక్కడో ఒబువాసి ఊళ్ళో. పది నెలల పిల్లను వెంట తెచ్చుకోనిచ్చే ఉద్యోగం కుమాసీ పట్నం మొత్తం మీద ఒక్కటే దొరికింది, మందిరం ఆఫీసులో. అదీ ఖాయం కాదు. "పంటల పండుగ అయ్యేదాకా చూద్దాం," అన్నారు మందిరం పెద్దల్లో ఒకరైన ఎల్డర్ అసియేదు. అంటున్నప్పుడు ఆయన చూసింది సెర్వా వైపు కాదు, బల్ల కింద వైరు కొసను నోట్లో పెట్టుకోబోతున్న పాప అడోమ్ వైపు.

అడోమ్‌కి పళ్ళు వస్తున్నాయి. చెప్పులు, ఫైళ్ళ మూలలు, పాస్టరుగారి కళ్ళజోడు, దేన్నీ వదలదు. సెర్వా ఒక కన్ను తెర మీదా ఒక కన్ను పిల్ల మీదా పెట్టి పని చేసేది. రెండు చోట్లా ఏదో ఒకటి జారిపోతూనే ఉండేది.

ఆ శుక్రవారం పొద్దున అనుకున్న పని చాలా చిన్నది. ఎల్లుండే పండుగ. మందిరం వాళ్ళందరి ఫోన్లకీ ఒక్కో మెసేజీ పంపాలి: మీరు ఫలానా వారం పుట్టారు, ఫలానా పందిట్లో కూర్చోండి, ఫలానా రంగు గుడ్డ కట్టుకుని ఫలానాది తెండి. అది పంపేసి, వీధి చివర బండి దగ్గర వేడి వేడి గంజీ, అందులోకి అలసంద గారెలూ తెచ్చుకుని తినాలి. ఇంతే.

పంటల పండుగ అంటే ఆ మందిరంలో వారాల పోటీ. ఆదివారం పుట్టినవాళ్ళకో పందిరి, సోమవారం పుట్టినవాళ్ళకో పందిరి, అలా ఏడు. ఏ పందిరికా పందిరి తన తట్టలు నెత్తిన పెట్టుకుని, డప్పులు కొట్టుకుంటూ, ఆడుతూ పాస్టరుగారి ముందుకి రావాలి. ఎవరి ఊపు బాగుంటే వాళ్ళకి కప్పు. ఆ కప్పు చాలా ఏళ్ళుగా శుక్రవారం వాళ్ళ దగ్గరే ఉంది. ఇంకా సరిగ్గా చెప్పాలంటే శుక్రవారం పెద్ద అయిన ఎల్డర్ అసియేదు గారింట్లో, టీవీ పక్కన ఉంది. ఆయన భార్య మేడమ్ అఫువా ఫ్రీమా శుక్రవారం ఆడవాళ్ళకి నాయకురాలు. రోజూ కప్పు తుడిచాకే ఆవిడ టీ తాగేది.

ఇదివరకు పేరును బట్టే పందిరి. అక్కడ శుక్రవారం పుడితే మగపిల్లాడి పేరు కోఫీ, ఆడపిల్లది అఫువా. గురువారమైతే యావ్, యా. పేరు పెట్టి పిలిస్తే వారం పలికేది. కానీ గెలిచే పందిరికి చుట్టాలెక్కువ. తాత పేరు పెట్టారనీ, ముద్దుపేరనీ చెప్పి ఎక్కడెక్కడి వాళ్ళో కోఫీలైపోయి శుక్రవారం పందిట్లో కోడికూర దగ్గర తేలేవాళ్ళు. నిరుడు గురువారం పెద్ద మేడమ్ యా అచియా మైకు లాక్కుని, "ఈ ఊళ్ళో శుక్రవారం తప్ప ఇంకో రోజు పిల్లల్ని కనడం మానేశారా?" అని అందరి ముందూ అడిగేసింది. దాంతో ఎల్డరుగారికి పౌరుషం వచ్చింది. ఈ ఏడు పుట్టిన తేదీ కంప్యూటరుకిస్తాం, అది ఏ వారమంటే అదే వారం, పేరు చూపించి వాదించడానికి వీల్లేదు అని నిబంధన పెట్టారు. "నాకైనా సరే!" అని గుండె మీద చెయ్యేసుకుని మరీ అన్నారు.

సభ్యుల పేర్లూ ఫోను నంబర్లూ పుట్టిన తేదీలూ కార్డులు చూసి కంప్యూటర్లో కొట్టింది సెర్వానే. ముందు రోజు, తర్వాత నెల, ఆ తర్వాత ఏడు, అందరూ రాసుకునేట్టే. ఆమె చదువు మధ్యలో ఆగిపోయింది గాని, పిన్ని టైపు కొట్లో కూర్చున్న పుణ్యమా అని వేళ్ళు మాత్రం ఆగలేదు. ఇక తేదీల నుంచి వారాలు తీయడం ఒక్కటే మిగిలింది. పేచీ వచ్చింది అక్కడే.

ఆఫీసు సెక్రెటరీ ఆంటీ డోర్కాస్‌ది బ్రౌజరు పక్షం. ఇంటర్నెట్‌లో ఆవిడకి ఒక పేజీ దొరికింది. ఫైలు అందులో పడేస్తే చాలు, రంగురంగుల గళ్ళలో పట్టిక పరిచేస్తుంది. వారం కావాలంటే ఒక బటను, వరస కావాలంటే ఇంకో బటను. మందిరం మైకులూ కంప్యూటర్లూ చూసే ఇంజనీరింగు కుర్రాడు ట్వుమసిది నల్ల తెర పక్షం. బొమ్మలుండవు, బటన్లుండవు. నల్లటి తెర మీద ఆజ్ఞ ఒకటి అక్షరం అక్షరం కొట్టాలి, ఎంటర్ నొక్కాలి.

"ఆంటీ, ముక్కూ మొహం తెలియని పేజీకి ఊరందరి పుట్టిన తేదీలూ అప్పజెప్తారా?" అన్నాడు ట్వుమసి. "నా దాంట్లో అయితే ఒక్క అక్షరం ఈ గది దాటదు. ఒక్క వరస కొడితే అయిపోతుంది."

"ఆ ఒక్క వరసా నిన్నట్నుంచి కొడుతున్నావు కదయ్యా!"

"కొటేషన్ గుర్తు ఎక్కడో తెరిచి మూయలేదు. అదే వెతుకుతున్నా."

"వెతుకు, వెతుకు. నీ తెర చూస్తే కరెంటు పోయిందేమో అనిపిస్తుంది నాకు. ఇటు చూడు, నా పేజీ పెళ్ళివారిల్లులా ఎంత కళగా ఉందో! పైగా ఏం చెయ్యమన్నా 'ఖాయమేనా?' అని అడిగి గాని చెయ్యదు. మర్యాద తెలిసింది. నీది అడుగుతుందా?"

"అడగదు. చెప్పింది చేస్తుంది."

"అడక్కుండా చేసేవాళ్ళంటేనే నాకు హడలు. మా ఆయన అడక్కుండానే ఫ్రిజ్ అమ్మేశాడు. సెర్వా, నువ్వు చెప్పమ్మా, ఎవరిది మంచిది?"

సెర్వా ఎవరి పేరని చెబుతుంది? ఆంటీ డోర్కాస్ పాపకి బిస్కెట్లు తెస్తుంది. పాప కొరికిన వైర్లకి ఎల్డరుగారి కంట పడకుండా టేపు చుట్టేది ట్వుమసి. ఎవర్ని కాదన్నా పిల్ల నోటి దగ్గరికే వస్తుంది.

"ఇద్దరిదీ మంచిదే ఆంటీ," అంది. "ఇద్దరూ చెయ్యండి. నేను... నేను పాప ముక్కు తుడిచొస్తా."

ఆంటీ డోర్కాస్ ఎల్డరుగారికి ఫోను కొట్టింది. అవతల్నుంచి ఆయన, "ఎవరిది ముందైతే వాళ్ళది పంపండి! దీనిక్కూడా నేనే కావాలా?" అని కసిరి పెట్టేశారు. ట్వుమసి ఇంకా మూయని గుర్తు కోసం వెతుకుతూ ఉండగానే ఆంటీ పేజీ వారాలన్నీ తీసి వరసగా పేర్చి పెట్టింది.

పంపే ముందు సెర్వా తన పేరు వెతుక్కుంది. ఆమె ఇరవై రెండో తారీఖున పుట్టింది. ఆదివారం అని ఉంది. సరిగ్గా ఉంది. ఆంటీది పదిహేడో తారీఖు. అదీ సరిపోయింది. "ఇంకేం మరి!" అంది ఆంటీ. పేజీ మర్యాదగా 'ఖాయమేనా?' అని అడిగింది. ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. సెర్వా నొక్కింది.

గంజి తాగే యోగం మాత్రం ఎవరికీ లేకపోయింది. పర్సు తీసే లోపలే ఫోను మోగింది.

"హలో, మందిరమా? నేనూ మా తమ్ముడూ కవలలమండీ. మా ఇద్దరికీ వారం మార్చేశారు. పోన్లెండి, కలిపే మార్చారు," అని ఒకావిడ పెట్టేసింది. ఆ వెంటనే ఇంకొకాయన: "ముప్పై ఏళ్ళుగా మా ఆవిడ నా మొండితనానికి మంగళవారాన్ని తిడుతోంది. ఇప్పుడు నేను శనివారం వాణ్ణని మీరన్నారు. ఇక శనివారాన్ని తిట్టాలా, కొత్తగా మొదలుపెట్టాలా అని అడుగుతోంది. మీరే చెబుతారా? ఆవిడకి ఫోనిస్తున్నా." సెర్వా పాపను ఎత్తుకుని, ఫోనును ట్వుమసి చేతిలో పెట్టింది. ట్వుమసి దాన్ని ఆంటీ చేతిలో పెట్టాడు.

విచిత్రం ఏమిటంటే అందరికీ మారలేదు. కొందరివి ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి, కొందరివి గల్లంతయ్యాయి. అందుకని మారనివాళ్ళు మారినవాళ్ళ మీద అనుమానపడ్డారు, మారినవాళ్ళు తల్లుల మీద అనుమానపడ్డారు. మధ్యాహ్నానికల్లా మందిరం వీధిలో ఎర్ర గుడ్డకి పచ్చ గుడ్డ, పచ్చ గుడ్డకి తెల్ల గుడ్డ మారుబేరం మొదలైంది. టైలరు కొట్టు ముందు ఒక అట్టముక్క వేలాడింది: "ఇచ్చట వారాలు మార్చబడును."

అంతలో ఎల్డర్ అసియేదు వచ్చారు. చచ్చిన ఎలకను తోక పట్టుకుని తెచ్చినట్టు ఫోనును రెండు వేళ్ళతో పట్టుకుని వచ్చారు.

"చదువు," అన్నారు సెర్వాతో.

సెర్వా చదివింది. "శ్రీ కోఫీ అసియేదు గారికి. మీరు గురువారం పుట్టారు. నీలం గుడ్డ కట్టుకుని, నత్తల తట్టతో గురువారం పందిట్లోకి రావలెను."

"నా పేరేంటమ్మా?"

"కోఫీ అండీ, పెద్దయ్యగారూ."

"కోఫీ అంటే ఏ వారం?"

"శుక్రవారమండీ."

"మరి?"

ఆంటీ డోర్కాస్ కలగజేసుకుని, "పేరు చూపించి వాదించడానికి వీల్లేదని మీరే... మీక్కూడా అని..." అంటూ గుండె మీద చెయ్యేసుకుని చూపించింది. ఎల్డరుగారి చెయ్యి కూడా అలవాటు కొద్దీ గుండె మీదికి వెళ్ళి, సగం దారిలో ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే కింద ఏదో తడిగా తగిలి ఆయన వంగి చూశారు. అడోమ్ ఆయన చేతికర్ర కొసను శ్రద్ధగా చప్పరిస్తోంది.

"ఇది ఆఫీసా, పురిటిగదా?" అన్నారు. "పండుగ కానివ్వు. మాట్లాడదాం."

సెర్వా వంగి పిల్లను ఎత్తుకుంది. మాట్లాడదాం అంటే ఏ మాటో ఆమెకి తెలుసు.

ఎల్డరుగారు గేటు దాకా వెళ్ళారో లేదో, అక్కడ మేడమ్ యా అచియా కాచుకుని ఉంది, చేతిలో నీలం గుడ్డతో. ఆవిడది పంతొమ్మిదో తారీఖు. ఆవిడ గురువారం చెక్కుచెదరలేదు.

"రండి, రండి, యావ్ గారూ!" అంది, వీధి మొత్తానికి వినిపించేట్టు. "మీ కోసమే ఇస్త్రీ చేయించి తెచ్చా. నత్తలు కడగడం వచ్చా, మేమే నేర్పించాలా?"

ఆయన ఆ గుడ్డ వైపు చూడకుండా కారెక్కి నేరుగా మామ్పోంగ్ ఊరు వెళ్ళిపోయారు. అక్కడ ఆయన ముసలి పిన్ని ఉంది. ఆయన పుట్టినప్పుడు మంచం పక్కన ఉన్నవాళ్ళలో బతికున్నది ఆవిడొక్కతే. ఆవిడ్ని తెచ్చి పాస్టరు ముందు సాక్ష్యం చెప్పిస్తారట.

శనివారం పొద్దున ట్వుమసికి మూయని గుర్తు దొరికింది. మూశాడు. ఎంటర్ నొక్కాడు. నల్ల తెర మీద వారాలన్నీ జలజలా రాలాయి. తన పట్టికనీ ఆంటీ పట్టికనీ పక్కపక్కన పెట్టి చూసుకుని, కుర్చీలోంచి ఎగిరి లేచాడు.

"ఆంటీ! మీ పేజీ నెలను ముందు చదువుతోంది! అది పుట్టిన దేశంలో వాళ్ళ అలవాటది. మనం నాలుగు, అయిదు అని రాస్తే మనకది మే నాలుగు. దానికి ఏప్రిల్ అయిదు. ఎల్డరుగారు పుట్టింది మే నాలుగున. శుక్రవారం. ఏప్రిల్ అయిదయితే గురువారం."

"మరి నాది మారలేదేం?"

"మీది పదిహేడో తారీఖు. పదిహేడో నెల ఎక్కడా లేదుగా! అలాంటి చోట మాత్రం దానికి బుద్ధొచ్చి సరిగా చదివింది. పన్నెండు దాటాక పుట్టినవాళ్ళంతా క్షేమం. పన్నెండు లోపు వాళ్ళతోనే చిక్కంతా. నేను చెప్తూనే ఉన్నానా? నా నల్ల తెర ఊహించదు ఆంటీ. రోజు ముందంటే రోజే ముందు!"

ఆంటీ డోర్కాస్ మొహం కందగడ్డలా అయింది. సెర్వా పాపను గట్టిగా హత్తుకుంది. నొక్కింది తను. ఊరి వారాలన్నిటినీ ఈ వేలితోనే తిరగేసింది.

"భయపడకు అక్కా," అన్నాడు ట్వుమసి, గెలిచిన ఉత్సాహంలో. "సరైన పట్టిక వచ్చేసింది కదా. పేర్లని ఒక్కసారి అక్షరాల వరసలో సర్దేసి, సవరణ పంపేద్దాం. చూడండి, ఎంతసేపు పడుతుందో." వేళ్ళు విరుచుకుని, టకటకా ఒక ఆజ్ఞ కొట్టి, కళ్ళు తెర మీద కాకుండా ఆంటీ మీద పెట్టి, ఎంటర్ నొక్కాడు.

నిజంగానే ఏమీ సేపు పట్టలేదు. నల్ల తెర నల్లగా ఉండిపోయింది.

ట్వుమసి ఇంకేదో కొట్టాడు. నలుపే. ఇంకొకటి కొట్టాడు. ఇంకా నలుపు.

"ఏమైంది బాబూ?"

"ఆ ఫైల్లోంచి తీసి... సర్ది... మళ్ళీ ఆ ఫైల్లోకే పొయ్యమన్నా ఆంటీ."

"పోసిందా?"

"పొయ్యడానికి ముందు గిన్నె కడిగి పెట్టుకుంది. తీయడానికి లోపల ఇంకేం మిగల్లేదు."

"ఖాయమేనా అని అడగలేదా?"

"అడగదు."

"పోనీలే నాయనా," అంది ఆంటీ డోర్కాస్ ఎంతో చల్లగా. "కరెంటు పోయిందేమో."

అతను పని చేసింది అసలు ఫైలు మీదే, దానికి ఇంకో నకలు లేదు. సెర్వా కార్డుల బొత్తి వైపు చూసింది. ఎల్లుండి దాకా కొట్టినా తరగదు. బల్ల కింద పాప ఏదో చప్పరిస్తోంది. ట్వుమసి తల రెండు చేతుల్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆంటీకి జాలేసింది. కళ్ళజోడు తుడుచుకుని మెల్లిగా, "నా పేజీ నేనింకా మూయలేదోయ్," అంది. "మనం వేసిన ఫైలు అందులో అట్లాగే ఉంది. కావాలా?"

ట్వుమసి తలెత్తిన తీరు చూస్తే ఆ పేజీకి హారతి పడతాడేమో అనిపించింది. పేజీలోంచి ఫైలు దించారు. నల్ల తెర మీద పాత ఆజ్ఞ, ఆ ఒక్క వరసా, ఇంకా అలాగే ఉంది. మళ్ళీ నడిపారు. ఈసారి వారాలన్నీ సరిగ్గా వచ్చాయి. పేర్లు సర్దే పని ట్వుమసి తల వంచుకుని ఆంటీ పేజీలో బటను నొక్కి చేశాడు. 'ఖాయమేనా?' అని అడిగితే, "ఖాయమండీ," అని పైకే అన్నాడు.

సవరణ మెసేజీ తయారైంది: నిన్న పొరపాటు జరిగినది, క్షమించగలరు, మీ అసలు వారం ఇది.

ఇక పంపాలి. సెర్వా వేలు బటను మీద ఆగిపోయింది. పంపితే పొరపాటు ఎవరిదని అడుగుతారు. నొక్కింది తనే. పంపకపోతే ఎల్డరుగారు నత్తల తట్ట మోస్తారు. మోస్తే, సోమవారం పొద్దున ఆ మాట అనే తీరతారు. ఎటు చూసినా ఆ మాటే ఎదురొస్తోంది. "అడోమ్, అమ్మను క్షమించవే," అనుకుని కళ్ళు మూసుకుని నొక్కింది.

ఏమీ కాలేదు. మళ్ళీ నొక్కింది. ఇంటర్నెట్ లేదని తెర చెప్పింది. కంప్యూటరు పక్కన పొడుచుకుని ఉండాల్సిన, ఇంటర్నెట్ తెచ్చే మోడెం పుల్ల అక్కడ లేదు. ముగ్గురూ ఒకేసారి బల్ల కిందకి వంగారు. మొక్కజొన్న పొత్తును పట్టుకున్నట్టు మోడెంను రెండు చేతులా పట్టుకుని, కొత్తగా వచ్చిన రెండు పళ్ళనీ దాని మీద పదును పెట్టుకుంటోంది అడోమ్.

ముగ్గురూ అలా బల్ల కింద ఉండగానే తలుపు దగ్గర, "ఎవరూ లేరా?" అని వినిపించింది. ముందుగా నీలం గుడ్డ అంచు కనిపించింది. ఆ పైన ఎల్డర్ అసియేదు కనిపించారు. ఆయన భుజాలు వాటంతట అవే ఆడుతున్నాయి.

"కంప్యూటరంటే కంప్యూటరే!" అన్నారు కూర్చుంటూనే. "మా పిన్నిని అడిగా. 'హమ్మయ్య, ఇన్నాళ్ళకి ఎవరో అడిగారు' అంది. నేను కోడి కూయకముందే చీకట్లో పుట్టానట. ఇంకా గురువారమే అని మా అమ్మమ్మ. కాదు, తెల్లారినట్టే, శుక్రవారమే అని మా నాన్న. ఆయనకి వాళ్ళ నాన్న పేరు కోఫీ అని పెట్టుకోవాలని పంతం! పిన్ని ఏమందో తెలుసా? 'నత్తలంటే నీకంత ప్రాణం ఎందుకనుకున్నావురా?' అంది." ఆయన గొంతు తగ్గించారు. "ఇంకో సంగతి. శుక్రవారం వాళ్ళు పెద్దమనిషివంటూ ఇన్నేళ్ళూ నా చేతికి జెండా ఇచ్చి కూర్చోబెట్టారు. డప్పు ముట్టుకోనిచ్చారా? నిన్న నా మెసేజీ సంగతి తెలిసిందో లేదో, పందిట్లో నా తర్వాతి వాడు, ఆ బెడియాకో నా కుర్చీలో చేరి దిండు కూడా మార్చేశాట్ట. యా అచియా నోరు పెద్దదే గాని మనసు చిన్నది కాదు. పెద్ద డప్పు నాకిచ్చింది."

సెర్వా ఇక ఆగలేకపోయింది. లేచి నిలబడి, నెల ముందు చదవడం దగ్గర్నుంచి గిన్నె కడగడం దాకా అంతా చెప్పేసింది. "మీరు శుక్రవారమే పెద్దయ్యగారూ. పంపింది నేనే. ఆంటీది కాదు, ఇతనిదీ కాదు, వేలు నాది."

ఎల్డరుగారి భుజాలు ఆగిపోయాయి. డప్పు కొట్టాల్సిన తన చేతుల వైపు చూసుకున్నారు.

"సవరణ వెళ్ళిపోయిందా?" అని అడిగారు.

"లేదండీ. మోడెం..."

అందరూ అడోమ్ వైపు చూశారు. ట్వుమసి వంగి, "ఇటిచ్చెయ్యి తల్లీ," అని చెయ్యి చాపాడు. ఆ చేతికి అడ్డంగా చేతికర్ర వచ్చింది.

"ఆగవయ్యా," అన్నారు ఎల్డరుగారు. "పసిపిల్ల చేతిలోది లాక్కుంటారా? ఏడవదూ!"

"ఎంతసేపు ఉంచమంటారు పెద్దయ్యగారూ?"

"రేపు కప్పిచ్చేదాకా."

కానీ సెర్వా తల్లి. గొంతులో ఇరుక్కుంటుందేమో అని ప్రాణం కొట్టుకుని, చటుక్కున మోడెం లాగి పిల్ల చేతిలో బిస్కెట్టు పెట్టింది. ట్వుమసి మోడెంను తుడిచి గుచ్చి చూశాడు. దీపం వెలగలేదు. మధ్యలో ముత్యాల్లాంటి రెండు పళ్ళగాట్లు.

"వెలగదా?" అని అడిగారు ఎల్డరుగారు.

"వెలగదండీ."

"దేవుడి చిత్తం," అని లేచారు. వెళుతూ వెళుతూ గుమ్మంలో ఒక అడుగు ఆడారు కూడా.

ఆదివారం ఏ పందిట్లో ఎవరున్నారో పందిళ్ళకే తెలియలేదు. రెండు రంగుల గుడ్డలు కట్టుకుని రెండు పందిళ్ళ మధ్య కుర్చీ వేసుకున్నవాళ్ళున్నారు. కవలలు పందిరి మారారు గాని, కోడికూర కోసం పాత పందిరికి వెళ్ళి వస్తున్నారు. పాస్టరుగారు మైకు అందుకుని, "ముందుగా, ఇవాళ ఏ వారమో ఎవరైనా చెప్పండి," అన్నారు. తర్వాత గురువారం వాళ్ళు లేచారు. ముందు నత్తల తట్టలు, వెనక మేడమ్ యా అచియా, ఆ వెనక పెద్ద డప్పుతో ఎల్డర్ అసియేదు. ఇన్నేళ్ళు జెండా పట్టుకున్న చేతులు ఒక్కసారి విడుదలైతే ఏమవుతుందో ఊరు చూసింది. ముసలమ్మలు కుర్చీలు వదిలి లేచారు. పాస్టరుగారి కాలు ఆయన అనుమతి లేకుండా ఊగింది. బెడియాకో కొత్త దిండు మీదే నిలబడి చూశాడు. కప్పు గురువారానికి పోయింది. పాత విజేతల తరఫున ఆ కప్పును మేడమ్ యా అచియాకి అందివ్వాల్సింది శుక్రవారం ఆడవాళ్ళ నాయకురాలు, అంటే ఎల్డరుగారి భార్య. మేడమ్ అఫువా ఫ్రీమా కప్పును చివరిసారిగా తుడిచి, ఇచ్చి, మొగుడి వైపు చూసి నవ్వింది. ఆ నవ్వు చూసిన ఆడవాళ్ళందరూ డప్పాయన కోసం మనసులో ప్రార్థన చేసుకున్నారు.

సోమవారం పొద్దున ఎల్డరుగారు ఆఫీసుకి వచ్చేసరికి సెర్వా పాపను వీపున కట్టుకుని, సంచీ సర్దుకుని, చెప్పులు కూడా వేసుకుని సిద్ధంగా నిలబడి ఉంది.

"సెర్వా," అన్నారాయన. "రేపట్నుంచి పాపను..."

ఆంటీ డోర్కాస్ కళ్ళు మూసుకుంది. ట్వుమసి టేపు చుట్ట జేబులో పెట్టుకున్నాడు. సెర్వా సంచీ భుజాన వేసుకుంది.

"...తీసుకురాకుండా మాత్రం రావద్దు," అన్నారు ఎల్డరుగారు. "వచ్చే ఏడు కూడా మెసేజీలు పంపాలిగా. ఆంటీ పేజీలో వెయ్యండి, ఈ అబ్బాయి నల్ల తెర మీదా వెయ్యండి. రెండూ కలిస్తే పంపండి. కలవకపోతే మోడెం పిల్లకివ్వండి."

సెర్వా చెప్పులు విడిచింది. ఆ రోజు నలుగురికీ గంజీ అలసంద గారెలూ తనే తెచ్చింది. ఎల్డరుగారు గారెలు వద్దనలేదు. మధ్యాహ్నం ఆమె తెచ్చుకున్న చిక్కుడు గింజల కూర కూడా వద్దనలేదు. ఇంటికెప్పుడు వెళతారని ఆంటీ అడిగితే, డప్పు వాయించుకుంటూ కూర్చున్నారు. ఇంట్లో ఆయనకి ఒకటే జవాబు వస్తోందట: "గురువారం వాళ్ళకి గురువారం వాళ్ళే వండి పెడతారు."

మీలో ఎవరైనా ఆ వైపు వెళితే మందిరం ఆఫీసులో ఒక్కసారి తొంగి చూడండి. నీలం గుడ్డ కట్టుకుని, పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకున్న పెద్దాయన కనిపిస్తారు. ఆయన ఇవాళ భోంచేశారో లేదో కాస్త కనుక్కోండి. ఆయన్నే అడగండి, ఇంట్లో మాత్రం అడక్కండి.